పాపారణ్యమును దొరలకొండయు: చినువా అచేబె నవలలయందు స్థలాధికార స్వత్వములు

నవల చరిత్రకు సాక్ష్యమగునా యను ప్రశ్న పరిశోధకులలో పలుమాఱు పుట్టుచుండును. శాసనమును, దండకవిలెను, కైఫీయతును నమ్ముకొన్నవారు కల్పితకథను చూచి పెదవి విఱుచుట సహజమే. శాసనమున దాత పేరుండును; ప్రతిగ్రహీత పేరుండును; పొలిమేర గుర్తులుండును; కడపట శాపోక్తులు సయితముండును. నవలలో నివి యేవియు నుండవు. అయినను ఒకదేశపు భూమి చేతులు మాఱిన కాలమునకు సంబంధించిన పత్రములన్నియు పుచ్చుకొన్నవాని చేతివ్రాఁతలే యయినపుడు, ఇచ్చినవాఁడు ఏమనుకొని యిచ్చెనో తెలిసికొనుటకు ఎక్కడికి పోవలెను? ఈ చిక్కు ఆఫ్రికా ఖండపు పశ్చిమభాగమున, నైజరునదికి తూర్పున నివసించు ఇగ్బోజాతివారి చరిత్రలో స్పష్టముగా నగపడును. వారి గ్రామములలో ఆంగ్లేయులు ప్రవేశించిన విధమును గుఱించి జిల్లా అధికారుల నివేదికలును, మతగురువుల లేఖలును కావలసినన్ని యున్నవి. ఊరివారి పక్షమున వ్రాయఁబడినది మిక్కిలి యరుదు. ఆ కొఱఁతను తీర్చుటకు పూనుకొన్నవారిలో నగ్రగణ్యుఁడు చినువా అచేబె.

ఇతఁడు 1930 నవంబరు 16వ తేదిని ఒగిడి గ్రామమున జనించెను. తండ్రి క్రైస్తవమత ప్రచారకుఁడు. ఇరుగుపొరుగువారిలో బంధువులనేకులు పూర్వాచారమునందే యుండిరి. కాఁబట్టి అతఁడు పుట్టిన యిల్లే రెండు లోకముల నడిమి గట్టు. ఇబాదాను నగరపు విశ్వవిద్యాలయ కళాశాలలో చదివి, రేడియోశాఖలో నుద్యోగించుచు, 1958లో 'థింగ్స్ ఫాల్ అపార్ట్', 1960లో 'నో లాంగర్ ఎట్ ఈజ్', 1964లో 'ఆరో ఆఫ్ గాడ్' అను నవలలను ప్రకటించెను. మొదటిపేరునకు అన్నియు చెదరిపోవుచున్నవనియు, రెండవదానికి ఇఁక నెమ్మది లేదనియు, మూఁడవదానికి దేవుని బాణమనియు నర్థము చెప్పుకొనవచ్చును. కథాకాలమును బట్టి చూచినచో మూఁడవది రెండవదానికి ముందు రావలెను. అచేబె 2013 మార్చి 21వ తేదిని గతించెను.

పరపాలన తొలఁగిన దేశముల సాహిత్యమును విమర్శించువారు స్థలము, అధికారము, స్వత్వము అను మూఁటిని ఒకచోట చేర్చి పరిశీలించుచున్నారు. ఇందు స్వత్వమను మాట మనకెంతయు ననుకూలము. వస్తువుపై తనకుఁ గల హక్కనియు, తాను తానైయుండుట యనియు రెండును దానియందు ధ్వనించును. తెల్లవాఁడు తుపాకితో వచ్చి భూమిని లాగికొనెననుట తఱచుగా వినఁబడు మాట. అది యసత్యము కాదు. కాని అచేబె చూపినది అంతకంటె నొప్పి గొలుపునది. అతని నవలలయందలి యూళ్లలో మొదటి జానెఁడు నేలను ఊరివారే యిచ్చిరి. తగవు తీర్చు హక్కును తమలోని కలహములచే తామే యప్పగించిరి. ఇచ్చినవారు మూఢులు కారు. తమ లెక్క ప్రకారము వివేకముతోనే యిచ్చిరి. ఆ లెక్క యెక్కడ తప్పెనో చూచుటయే యిచట మన పని.

ముందుగా ఆ జాతి రాజకీయవ్యవస్థను గుఱించి కొంత తెలియవలెను. ఇగ్బోవారిలో నదీతీరమునందలి ఒకటిరెండు పట్టణములు తప్ప తక్కినచోట్ల రాజు లేఁడు. పెద్దలును, బిరుదు పొందినవారును, ఈడుజోడు సంఘములును, వేషము దాల్చి పితృదేవతలుగా వచ్చు పురుషులును, సంతలో కూడు స్త్రీలును, వేర్వేఱు విషయములలో వేర్వేఱుగా నధికారము చెల్లించుచుండిరి. ఈ యధికారములన్నిటికిని చోట్లు కలవు. తీర్పు మైదానమున, వ్యాపారము సంతలో, వంశవిషయము పెద్దవాని వాకిటి చావడిలో. వారి వారము నాలుగు దినములు. ఆ దినములకు సంతలపేర్లే పేర్లు. భూమి దేవత, ఆమె పేరు ఆని. ఆమె విషయమున చేసిన యపరాధము ఊరికంతకును చుట్టుకొనును. ఇట్టిదేశమున స్థలమును కదల్చుట యనఁగా అధికారమును కదల్చుటయే.

1857లో ఒనిట్షా పట్టణమున క్రైస్తవ ప్రచారకసంఘము నెలకొనెను. అయినను లోపలిగ్రామములు చాలకాలము స్వతంత్రముగనే యుండెను. నైజరు కంపెనీ పెత్తనము 1900లో ముగిసి బ్రిటిషు ప్రభుత్వము నేరుగా నేలఁబూనిన పిదపను, 1901–1902 నాఁటి ఆరో దండయాత్ర జరిగిన పిదపను లోపలిదేశము వశమయ్యెను. మొదటినవల కీ కాలమే రంగము.

కథానాయకుఁడు ఒకోంక్వో, తొమ్మిదిపల్లెల కూటమియగు ఉమువోఫియా వీరుఁడు. ఒకని యంత్యక్రియలలో తన తుపాకి పొరపాటున పేలి యొక బాలుఁడు మరణింపఁగా, భూదేవి విషయమైన యపరాధమునకుగాను ఏడేండ్లు మాతామహుల యూరగు ఎంబాంటాలో ప్రవాసముండవలసివచ్చెను. అక్కడికి మతప్రచారకులు వచ్చి గుడి కట్టుకొనుటకు కొంచెము నేల యడిగిరి. పెద్దలు ఆలోచించి పాపారణ్యమును చూపిరి. ప్రతియూరికిని ఇట్టి యడవి యొకటి యుండెడిది. కుష్ఠు, మశూచి మొదలగు ఘోరవ్యాధులచే చచ్చినవారిని అందు పాఱవేయుదురు. గొప్ప మంత్రగాండ్రు మరణించినపుడు వారి శక్తివస్తువులను అందే విడుతురు. దుష్టశక్తులకు నెలవైన యాస్థలమును ఎవ్వరును కోరరు. కోరనిదానిని అడిగినవాని కిచ్చినచో, కాదనిన నింద లేదు. నాలుగుదినములలో వారందఱు చత్తురు గనుక బెడద యుండదు. ఇంతకంటె తెలివైన యుపాయ మేమున్నది?

నాలుగుదినములు గడచెను, ఎవ్వరును చావలేదు. దేవతలు ఒక్కొక్కప్పుడు ఏడు సంతవారముల వఱకు, అనఁగా ఇరువదియెనిమిది దినముల వఱకు, ఓర్తురని పెద్దలు గడువు పెంచిరి. అదియు దాఁటెను. ప్రచారకులు గోడలు లేపిరి, కప్పు వేసిరి, పాడిరి. గడువు దాఁటినకొలఁది వారి దేవుని బలము ఊరివారి కన్నులలో పెరిగెను. ఇందలి సూక్ష్మమును గమనింపవలెను. క్రైస్తవులకు ఆ నేలపై అధికారము నిచ్చినది దానముకాదు, గడువు. ఊరివారు తమ దేవతల శక్తికి తామే దినములు లెక్కపెట్టి పరీక్షపెట్టిరి. ఆ పరీక్షలో దేవతలు తప్పిరి. నివేదికలు వ్రాసిన దొరలలో నెవ్వఁడైన ఈ విషయమును గ్రహించి యుండునని నే ననుకొనను. ఆ దొర పుస్తకమున నది "గుడికి స్థలము లభించినది" అను నొక్కపంక్తియై యుండును.

పాపారణ్యమునకు పోయినవారెవ్వరు? నాలుగుమాఱులు కవలలను కని, కవలపిల్లలు అశుభమను నాచారముచేత నాలుగుమాఱులును వారిని అడవిలో విడువవలసివచ్చిన యొక గర్భిణి స్త్రీలలో మొదట పోయెను. పిదప ఓసులు పోయిరి. ఓసులనఁగా పూర్వ మెప్పుడో దేవతకు సమర్పింపఁబడినవారును, వారి సంతతియును. వారు తల వెండ్రుకలు కత్తిరింపరాదు. గుడిదాపున ప్రత్యేకపువాడలో నుండవలెను. స్వతంత్రులతో వివాహము లేదు. చచ్చినపిమ్మట పాఁతిపెట్టుటయు పాపారణ్యముననే. అనఁగా ఊరిలో చోటులేనివారు ఊరు విడిచిన చోటికి పోయిరి. వాడ యనఁగానేమో తెలిసిన తెలుఁగువారికి ఈ ఘట్టము వ్యాఖ్యానము లేకయే బోధపడును. 1922లో వెలువడి చెన్నపురి ప్రభుత్వముచే నిషేధింపఁబడిన ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారి నవలకు 'మాలపల్లి' యని స్థలనామమే పేరుగా నుంచఁబడుట యూరక జరిగినది కాదు.

ఒకోంక్వో పెద్దకొడుకు న్వోయెయు పోయెను. అతని కారణములు శాస్త్రవాదములు కావు. అడవిలో విడువఁబడిన కవలల యేడుపును, తనతోఁ బెరిగి తన తండ్రి కత్తికే బలియైన ఇకెమెఫునా యను బాలుని జ్ఞాపకమును. ఊరు తాను బయటవేసినదెల్ల ఒకచోట పోగుచేసి, ఆ చోటిని పరదేశి కిచ్చినది. పరదేశి దానినే పునాదిగాఁ జేసికొనెను. అచేబె యిచట తన పూర్వులను నిందింపలేదు, కాపాడనులేదు, ఉన్నదున్నట్లు చెప్పెను. ఒకోంక్వో తండ్రి ఉనోకా సయితము దేహము పొంగు రోగముచే పాపారణ్యమునకు మోయఁబడి, తన పిల్లనగ్రోవిని వెంటఁ దీసికొనిపోయెనని కథారంభముననే చెప్పఁబడియున్నది. తొందరగా చదువువారు దానిని మఱచుచుందురు. కాని కడపటి సంఘటన కది యావశ్యకము.

గుడి తరువాత కచేరి వచ్చెను. కచేరి తరువాత చెఱసాల. ఒకోంక్వో ప్రవాసము ముగిసి ఊరు చేరునప్పటికి బిరుదులు పొందిన పెద్దలు చెఱసాలలో నుండి దొరగారి ఆవరణమున గడ్డి కోయుచుండిరి. కాపలావారు ఆ జాతివారే గాని ఆ యూరివారు కారు. దూరమున నదీతీరమునందలి పట్టణమునుండి వచ్చిన కచేరిబంట్రోతులు. అప్పు డొక భూమితగవు కచేరికెక్కెను. కచేరి బంట్రోతులకును దుబాసీకిని లంచమిచ్చిన కుటుంబమునకే నేల దక్కెను. తగవులో మనుష్యుని చంపినవాఁడు ఉరితీయఁబడెను. తెల్లవాఁడు మా భూమి మర్యాద నెఱుఁగునా యని ఒకోంక్వో అడుగఁగా, మా భాషయే యెఱుఁగనివాఁడు మర్యాద నెట్లెఱుఁగునని మిత్రుఁడు ఒబియెరికా బదులు చెప్పును. నా యభిప్రాయమున ఈ ప్రశ్నోత్తరములే నవలకు గుండెకాయ. ఏలయన, తుపాకిని తుపాకితో నెదిరింపవచ్చును. తీర్పు చెప్పు చోటు మాఱినపిమ్మట ఎదిరించుటయే నేరమగును.

తుపాకియు లేకపోలేదు. ఇనుపగుఱ్ఱము, అనఁగా సైకిలు, ఎక్కివచ్చిన యొక తెల్లవానిని అబామె యను నూరివారు చంపిరనియు, కొన్నాళ్లకు దండు వచ్చి సంతదినమున జనమును చుట్టుముట్టి కాల్చెననియు నవల చెప్పును. 1905లో అహియారా దాపున స్టీవర్టు అను వైద్యుఁడు సైకిలుపై పోవుచు దారితప్పి చంపఁబడుటయు, దానికి ప్రతిగా దండు వచ్చి గ్రామములను ధ్వంసము చేయుటయు చారిత్రకసత్యము. కల్పన ఎక్కడ చరిత్రను తాఁకుచున్నదో ఈ యొక్కయుదాహరణమే చాలును.

ఆఱుగురు పెద్దలు సంప్రతింపులకని పిలువఁబడి చెఱపెట్టఁబడుటయు, ఇన్నూఱు గవ్వల సంచుల జరిమానాకు బంట్రోతులు మఱియేఁబది చేర్చి తాము మ్రింగుటయు, విడుదలయైన ఒకోంక్వో సభను నిలుపవచ్చిన బంట్రోతును నఱకి, పిదప ఉరివేసికొనుటయు చదువరు లెఱింగినవే. ఆత్మహత్య భూదేవి కపచారము. అట్టివాని శవమును ఊరివారు తాఁకరాదు, పరులే దింపవలెను, పరులే పాఁతవలెను. తండ్రినుండి తప్పించుకొనుటకే బ్రతికినవాఁడు కడకు తండ్రివలెనే సొంతమట్టికి నోచుకొనఁడయ్యెను. స్వత్వము పోయినదనుటకు ఇంతకంటె ప్రత్యక్షమైన గుర్తు దొరకదు. ఆ శవమును దింపించిన కమీషనరు తాను వ్రాయఁబోవు గ్రంథమున దీనికొక ప్రకరణము కాకున్నను ఒక పేరా యిచ్చుట కూడునని తలపోయుచు వెడలిపోవును. గ్రంథమునకు పేరు సయితము నిర్ణయించుకొనెను: దిగువనైజరు ప్రాంతపు అనాగరికజాతుల శమనము.

ఆ గ్రంథము ఊరక పోలేదు. 'ఆరో ఆఫ్ గాడ్' నవలలో, 1920 దాఁటిన తొలియేండ్లలో, క్రొత్తగా వచ్చిన చిన్నదొర క్లార్కు రాత్రిపూట చదువుచున్నది ఆ పుస్తకమే. మొదటినవలలో ఒక శవముపై నిలిచి యోచించిన పేరా రెండవతరము దొరలకు పాఠ్యగ్రంథమయ్యెను. రెండు నవలలను వేర్వేఱుగా చదివినవారికి ఈ సంధి కనఁబడదు. నివేదికలను నమ్మి చరిత్ర వ్రాయువారు దీనిని తప్పక చదువవలెను.

ఇఁక ఈ నవలయందలి స్థలములు. ఉమువారో ఆఱుపల్లెల కూటమి. పూర్వము బానిసలను పట్టుకొనిపోవు దొంగల భయముచేత ఆ పల్లెలు ఏకమై ఉలు అను దేవతను తామే నెలకొల్పుకొనిరి. అతని యర్చకుఁడు ఎజెయులు. కొన్నిక్రోశుల దూరమున ఒక్పెరి, అక్కడ దొరలకొండ. కొండమీఁద బంగళాలు, కచేరి, కాపలాగది. తెల్లవారు కొండయెక్కి కాపురముండుటకు ఆరోగ్యము కారణమని చెప్పుదురు. ఉదకమండలము నెఱిఁగిన మనకు ఆ కారణము క్రొత్తది కాదు. కాని కొండమీఁద నున్నవానికి క్రింది యూరు పటముగా కనఁబడును; క్రిందివానికి కొండమీఁది బ్రతుకు కనఁబడదు. డిస్ట్రిక్టు ఆఫీసరు వింటర్‌బాటమ్‌ కొండమీఁదనుండి చూచి తీర్పు చెప్పెడివాఁడు.

ఒక బీడునేలను గుఱించి ఉమువారోకును ఒక్పెరికిని యుద్ధము వచ్చెను. వింటర్‌బాటమ్‌ దండుతో వచ్చి యుద్ధమునాపి, ఉమువారోవారి తుపాకులన్నియు పోగుచేయించి జనులయెదుట విఱుగఁగొట్టించెను. అతనికి తుపాకులు విఱిచినవాఁడను పేరు నిలిచెను. విచారణలో ఎజెయులు తనయూరికి విరోధముగా సాక్ష్యమిచ్చి, ఆ నేల ఒక్పెరివారిదే యని తన తండ్రి చెప్పిన సత్యమును పలికెను. దొర సంతోషించెను: అందఱు అబద్ధమాడుచుండఁగా సత్యమాడినవాఁ డొక్కఁడు! ఊరివారు మండిపడిరి. ఎజెయులు సత్యమే పలికెను, సందేహము లేదు. అయితే ఆ సత్యము ఎవరియెదుట పలుకఁబడెనన్నది వేఱు విషయము. రెండూళ్ల నడుమ పరిష్కరింపఁదగిన పొలిమేర మూఁడవవాని కొండకెక్కెను. ఎజెయులు పతనము ఆనాఁడే యారంభమయ్యెనని నేను తలంచుచున్నాను. అనంతరసంఘటనలు దాని వడ్డీ మాత్రమే.

తరువాత బాట. ఒక్పెరినుండి ఉమువారోకు రోడ్డువేయ నారంభించిరి. నిధులు చాలలేదు. రైటు అను దొర కూలిలేకయే ఉమువారో యువకులచేత పనిచేయించెను. ఒకనాఁడు ఆలస్యముగా వచ్చిన ఎజెయులు కుమారుఁడు ఒబికా వీఁపుపై కొరడా పడెను. ఏల కూలి లేదని యువకులడిగిన ప్రశ్నకు దుబాసీ సరియైన యుత్తరము తేలేదు. సుమారుగా నీకాలముననే మన గూడెము మన్యమున బాస్టియను అను డిప్యూటి తహసీలుదారు ఘాటురోడ్ల పనిలో కొండవారిచే తగినకూలి యీయక పాటుపడఁజేయుటయు, ఆ క్రోధము అడవిచట్టముల బాధతో కలిసి 1922 ఆగస్టు 22వ తేదిని అల్లూరి సీతారామరాజు నాయకత్వమున చింతపల్లి ఠాణాపై పడుటయు మనకు చిరపరిచితములు. రెండుదేశముల నడుమ సముద్రములున్నను, బాటను వేయించిన విధ మొక్కటియే. బాట ఊరికి మేలని చెప్పుటయు రెండుచోట్ల నొక్కటియే.

బాటను గుఱించి అచేబె మఱియొక చిన్నముచ్చట చెప్పును. ఒక్పెరిలో ఇకెడి యను చదువుకొన్నవానిని వింటర్‌బాటమ్‌ అధికారపత్రమిచ్చి పెత్తందారుగా నియమించెను. ఇట్టివారిని వారంటు చీఫులందురు. ఇతఁడు ఓవర్సీయరుతో కూడి, డబ్బీయనిచో రోడ్డు మీ పెరటినడుమనుండి పోవునని ఇల్లిల్లు బెదరించి దండుకొనెను. కొంతకాలమునకు తానే రాజునని బిరుదు పెట్టుకొనెను. జమాబంది దినములలో గొలుసు పట్టినవాని మహిమ నెఱిఁగిన మనవారికి ఇది నవ్వును, ఏడుపును కూడ తెప్పింపఁగలదు. రాజులేని జాతిలో రాజును కల్పించుటకు పటముమీఁద గీచిన యొకగీటు చాలినది.

1914లో ఉత్తర దక్షిణ నైజీరియాలను కలిపిన లుగార్డు స్థానికప్రభువుల ద్వారమున పాలించు పద్ధతిని వ్యాపింపఁజేసెను. ఉత్తరమున ఎమీరులుండిరి గనుక అది సాగెను. ఇగ్బోదేశమున అట్టివారు లేకపోఁగా వారంటులతో సృష్టింపవలసివచ్చెను. వింటర్‌బాటమ్‌ సత్యవాదియగు ఎజెయులును అట్టి చీఫుగా చేయఁదలఁచి కొండకు పిలిపించెను. ఉలు అర్చకుఁడు ఒకరి పిలుపునకు కదలువాఁడు కాఁడని మొదట నిరాకరించి, పిమ్మట వెళ్లి, తాను ఉలుకు తప్ప మఱెవ్వరికిని చీఫు కాఁబోనని చెప్పెను. ముప్పదిరెండు దినములు నిర్బంధింపఁబడెను.

ఈ నిర్బంధమున స్థలమునకును కాలమునకును గల ముడి బయలుపడును. అర్చకుఁడు ప్రతి క్రొత్తచంద్రుని తన వాకిటనుండి చూచి, డోలు మ్రోయించి, పవిత్రమైన పెండలముల నొక్కొక్కటి కాల్చి తినవలెను. అవి యయిపోయినపుడు క్రొత్తపంట పండుగ. కొండమీఁద నుండి చూడఁగా ఆకాశమే తనది కానట్లు ఎజెయులునకు తోఁచెను. రెండు చంద్రోదయములు తప్పెను. రెండు పెండలములు మిగిలెను. విడుదలయై వచ్చిన తరువాత ఆ లెక్క తీఱనిదే పండుగ చేయనని పట్టుపట్టెను. పండుగ లేనిదే పంట త్రవ్వరాదు. భూమిలో పెండలములు చెడుచుండఁగా ఊరు ఆఁకలిగొనెను. దొర పంచాంగమును మార్చవలెనని కోరలేదు. అతని కా పంచాంగమున్నదనియే తెలియదు. అర్చకుని ఒకచోటినుండి మఱియొకచోటికి తీసికొనిపోవుటచేతనే ఊరికాలము విఱిగెను.

అప్పుడు క్రైస్తవగుడియందలి ఉపదేశి, పెండలములను తమ కోఁతపండుగకు తెచ్చినవారిని ఉలు కోపమునుండి తమదేవుఁడు కాపాడునని చాటించెను. ఎజెయులు కుమారుఁడు ఒబికా యాకస్మికముగా మరణించెను; ఊరివారు దానిని దేవతయే యర్చకుని విడిచినట్లు భావించిరి. ఆ సంవత్సరము పంట క్రైస్తవుల దేవుని కుమారుని పేరిట త్రవ్వఁబడెను. ఎజెయులు మతిచలించి మిగిలెను. తాము కట్టుకొన్న దేవతను తామే విడిచిన యూరిది తప్పా, ఊరికంటె లెక్కను పెద్దదిగా చూచిన యర్చకునిది తప్పా యని విమర్శకులు వాదించుచున్నారు. ఎజెయులు గర్వి, పగ తీర్చుకొనుటకు దేవత పేరు వాడుకొనుటయు కొంత కలదు. కాని కాపలాగదిలో గడచిన ముప్పదిరెండు దినములను తీసివేసిన, ఆ గర్వమునకు చంపు శక్తి యుండెడిది కాదు.

ఇక్కడ అచేబె విషయమున నా కొక యసంతృప్తి కలదు. వారంటు చీఫుల యధికారమును నిజముగా కదల్చినవారు అర్చకులు కారు, వీరులు కారు, స్త్రీలు. 1929 నవంబరులో ఒలోకో అను నూరిలో స్త్రీలకును పన్ను వేయుదురను భయముచే నారంభమైన యలజడి ఆబా మొదలగు ప్రాంతములకు వ్యాపించెను. వేలకొలఁది స్త్రీలు చీఫుల యిండ్లచుట్టు కూర్చుండి, పాటలు పాడి, వారిని సిగ్గుపఱిచిరి. దోషియగు పురుషుని వాకిట నిట్లు కూర్చుండుట వారి పూర్వాచారమే. కచేరిభవనములను పెక్కింటిని పడఁగొట్టిరి, కాల్చిరి. సైనికుల తుపాకులకు ఏఁబదిమందికి మించి స్త్రీలు బలియైరి. పిదప ప్రభుత్వము వారంటు చీఫుల పద్ధతిని విడువవలసివచ్చెను. ఏది యే స్థలమున నున్నదో, ఎక్కడ కొట్టవలెనో ఆ స్త్రీలు పండితులకంటె బాగుగా నెఱింగియుండిరి. సంత వారిది, కచేరి దొరది. వారు సంతను తెచ్చి కచేరిమీఁద నుంచిరి. ఇంత గొప్పసంఘటన తాను పుట్టుటకు ఒక్కయేఁడు ముందు తన దేశముననే జరుగఁగా, అచేబె యీ మూఁడు నవలలలో దానికి చోటీయలేదు. కథాకాలములు వేఱని సమాధానము చెప్పవచ్చును. అది సగము సమాధానమే.

అచేబె ఆంగ్లమున వ్రాయుటయు నొక స్థలప్రశ్నయే. కెన్యాదేశీయుఁడు ఎన్గూగి వా థియోంగో పరభాషలో వ్రాయుట మనస్సును పరాధీనముగా నుంచుటయే యని వాదించి, తాను గికుయుభాషకు మరలెను. అచేబె ఆంగ్లమును వంచి ఇగ్బోసామెతలను మోయించెను. మనకు స్వభాష యున్నది గనుక ఈ వాదమున తీర్పు చెప్పుట సులభముగా తోఁచును. అన్ని యెల్లలును దొర గీచిన దేశమున అది యంత సులభము కాదు.

కడపట 'నో లాంగర్ ఎట్ ఈజ్'. ఒకోంక్వో మనుమఁడు ఒబి. లేగోసు నగరమందలి ఉమువోఫియావారు సంఘముగా నేర్పడి, ఎనిమిదివందల పౌనులు అప్పిచ్చి యతనిని ఇంగ్లాండుకు పంపిరి. న్యాయశాస్త్రము చదివి వచ్చి, పొరుగూళ్లతోఁ గల తమ భూమితగవులను గెలిపించునని వారి యాశ. తాతనాఁడు ఊరినేలను కచేరి పాలుచేసిన దుబాసీ స్థానమున మనుమఁడు నిలువవలెనని వారు కోరిరన్నమాట. అతఁడు న్యాయశాస్త్రమును విడిచి ఆంగ్లసాహిత్యము చదివివచ్చెను. ఉద్యోగము దొరకెను, ఇకోయిలో బస దొరకెను. ఇకోయి పూర్వము తెల్లవారికై ప్రత్యేకింపఁబడిన పేట. స్వాతంత్ర్యము 1960 అక్టోబరు 1వ తేదిని వచ్చెను. ఈ కథ దానికి కొంచెము ముందటిది. దొరలు దిగుచున్న కొండను దేశీయోద్యోగులు ఎక్కుచుండిరి. ఆ బస కర్చులును, అప్పు వాయిదాలును, మోటారుబండి కర్చులును పెరుగఁగా ఒబి లంచము పుచ్చుకొని పట్టువడెను.

అతఁడు క్లారా యను యువతిని ప్రేమించెను. ఆమె ఓసు. వివాహము కూడదనినవాఁడు ఒబి తండ్రి ఐజాకు. ఈ ఐజాకు మఱెవ్వఁడో కాఁడు. పూర్వము తండ్రిని విడిచి, ఓసులతోఁగూడ ఒకే కప్పుక్రింద మోకరించుటకు ప్రచారకుల యొద్దకు పోయిన న్వోయెయే. బైబిలు చదువును, విగ్రహములను నిరసించును. కాని ఓసుతనము కుష్ఠువంటిదనియు, దానిని వంశములోనికి తేవలదనియు కొడుకును బ్రతిమాలును. పాపారణ్యము చదును చేయఁబడెను, అందు గుడి లేచెను, బడి లేచెను. కాని యెల్ల యిల్లు మాఱి, అడవియంచునుండి వచ్చి యింటి గడపలో నిలిచెను. తూర్పు నైజీరియా శాసనసభ 1956లో ఓసు భేదమును రద్దుచేయుచు చట్టము చేసెను. నవల 1960లో వచ్చెను. క్లారా ఉంగరమును తిరిగి యిచ్చి వెడలిపోయెను.